మర్యాద మీద పన్ను

దూదిమేస్త్రి కారు వస్తోందంటే వీధిలో ముందు కనిపించేది కారు కాదు, పరుపు. కారు నెత్తిన ఒక పరుపు, దాని మీద ఇంకో పరుపు. రెంటినీ బిగించిన తాడు ఒక కిటికీలోంచి లోపలికి దూరి, అవతలి కిటికీలోంచి బయటికొచ్చి మళ్ళీ పైకెక్కేది. అలా కట్టాక ఇక తలుపులు తెరుచుకోవు. మేస్త్రి కిటికీలోంచే ఎక్కాలి, కిటికీలోంచే దిగాలి. ఆయన కాస్త పొట్ట ఉన్న మనిషి. ఆ దిగే ఘట్టం చూడటానికి ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాడు.

"ఏం మేస్త్రీ, కాన్పు కష్టమయ్యేట్టుందా?"

"తల బయటపడిందిగా, ఇక భయం లేదు. వచ్చి చెయ్యందుకో."

పైకి ఇలా నవ్వులాటగానే ఉండేది గానీ, ఆ కారు మేస్త్రిని సుఖపెట్టిన రోజంటూ లేదు. మామగారు పోతూ పోతూ చిన్నల్లుడికని చెప్పి వదిలివెళ్ళిన కారు అది. నలుగురు మనుషులు కూర్చుని షికారు వెళ్ళడానికి చేసింది. పరుపులు మొయ్యమంటే అది మాత్రం ఏం చేస్తుంది, పైకప్పు రొట్టెల పళ్ళెంలా గుంటపడి ఊరుకుంది.

పరుపులు కుట్టడం మేస్త్రికి తండ్రి నుంచి వచ్చిన పని. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని ఎండబెట్టి, ఏకి, కొత్త చారల గుడ్డలో నింపి, దబ్బనంతో అడ్డంగా నిలువుగా కుట్లు వేస్తే అది మళ్ళీ ఏళ్ళ తరబడి మనిషిని మోస్తుంది. ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది? స్పాంజి పరుపుని చుట్టచుట్టి సంచిలో పెట్టి అమ్ముతున్నారు. ఇంటికి తెచ్చి విప్పితే దానంతటదే పొంగి కూర్చుంటుంది. మేస్త్రి గుమ్మం తొక్కేవాళ్ళు ఏటేటా తగ్గిపోయారు. చివరికి జనం ఆయన్ని చూసి, "పాపం, ఇంకా చేస్తున్నాడు" అనే దాకా వచ్చింది. పనిచేసే మనిషి వినకూడని మాట ఏదైనా ఉంటే అదే. పైగా మెయిన్ రోడ్డు మీద స్పాంజి పరుపుల షోరూం ఆయన ఒకరోజు పిలిచి మరీ అడిగాడు: "మా గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి తలుపు తీస్తావా? యూనిఫాం ఇస్తాను. నీకు పరుపుల సంగతి తెలుసు కదా."

మేస్త్రి ఆలోచించి చెబుతానన్నాడు. ఇంటికొచ్చి మూడు కుట్లు వంకరగా వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సింగ్ స్కూల్ హాస్టల్ నుంచి కబురొచ్చింది. అక్కడి వార్డెనమ్మ నడుం నొప్పి మనిషి. "స్పాంజి మీద పడుకుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి మేస్త్రీ. మా పిల్లలు గంటల తరబడి నిలబడి డ్యూటీలు చేసొచ్చేవాళ్ళు. వాళ్ళ నడుములు పోతే రోగుల్ని ఎవరు లేపుతారు? దూదే కావాలి" అంది. సెలవుల్లో హాస్టల్ పరుపులన్నీ తీసుకెళ్ళి, విప్పి, కుట్టి తేవాలి. బాగుంటే ఇక ప్రతి ఏడూ ఆయనకే. మేస్త్రికి గుండె దూదిలా తేలిపోయింది. వార్డెనమ్మ వెంటనే దాన్ని కిందికి దించింది.

"ఒక్కటే షరతు. బండి మీ పేరున ఉండాలి. అద్దె బండ్లని గేటు దాటనివ్వను. పోయినసారి రంగులు వెయ్యడానికొచ్చినవాళ్ళ అద్దె బండిలో మా స్నానాల గదుల కుళాయిలన్నీ వెళ్ళిపోయాయి. అడిగితే బండివాడిని అడగమన్నారు. బండివాడు ఎవడో దేవుడికి కూడా తెలీదు."

"నాకు కారుందమ్మా."

"చూశాను. మీరు దాంట్లోంచి దిగడం కూడా చూశాను. వ్యాను చూసుకోండి. సెలవులిచ్చేలోపు కాగితాలు తెచ్చి చూపించకపోతే కమిటీవాళ్ళు స్పాంజికి సంతకం పెట్టేస్తారు. అప్పుడు నేనేం చెయ్యలేను."

వ్యాను పెద్దల్లుడి దగ్గరుంది. పెద్దల్లుడంటే మేస్త్రి భార్యకి అక్కగారి భర్త, అంటే మేస్త్రికి తోడల్లుడు. బతుకంతా ఆ వ్యానులో రొట్టెలు తిప్పి దుకాణాలకి వేసిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. వ్యాను సీటు ఎత్తు. ఎక్కాలంటే ఒక్కో కాలినీ రెండు చేతులతో పట్టుకుని, పక్కింటివాళ్ళ సామానులా జాగ్రత్తగా లోపల పెట్టుకోవాలి. ఆయనకి కావలసింది కిందికి ఉండే కారు. ఇద్దరి ఇళ్ళ మధ్యా రెండే వీధులు. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. నోరు విప్పడానికి భయపడ్డారు.

భయానికి కారణం ఉంది. మేస్త్రికి పెళ్ళైన కొత్తలో పెద్దల్లుడు వాళ్ళింటికి భోజనానికొచ్చి, మేస్త్రి తన చేత్తో కుట్టుకున్న పెళ్ళి పరుపు మీద కూర్చుని, ఒకసారి అటూ ఇటూ కదిలి, "కాస్త గట్టిగా ఉన్నట్టుంది" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు. ఆ ఒక్క మాటకి తోడల్లుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒకరి పిల్లలు ఒకరింట్లో పెరిగారు గానీ, ఈ ఇద్దరూ మాత్రం ఎదురుపడితే ఆకాశంలో మబ్బులు చూసుకునేవాళ్ళు. చివరికి అక్కాచెల్లెళ్ళు విసిగిపోయి ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఖరారుగా చెప్పేశారు: ఇక మీదట ఈ కుటుంబంలో ఒకరి వస్తువుని ఇంకొకరు తక్కువ చేసి మాట్లాడకూడదు. చొక్కా గానీ, కూర గానీ, కొడుకు గానీ. ఆ రోజు నుంచి తోడల్లుళ్ళిద్దరూ మర్యాదలో ఒకరినొకరు ముంచెత్తుకుంటూ వచ్చారు. పెద్దల్లుడు మేస్త్రి చెప్పులు చూసి కూడా "ఎక్కడ కొన్నావు తమ్ముడూ, భలే ఉన్నాయి" అనేవాడు.

అందుకే ఈ మార్పిడి మాట కూడా అక్కాచెల్లెళ్ళే ఎత్తారు. అక్కకి నాన్న కారు మీద ఎప్పటి నుంచో మనసుంది. మొగుళ్ళిద్దరూ ఒప్పుకోవడానికి సాయంత్రమంతా పట్టింది. ఒప్పుకోక కాదు, మర్యాద చాలక.

"మీ వ్యాను ముందు నా కారెంత అన్నయ్యా. మీకు నష్టం."

"నష్టమా! మామగారి కారది. నా వ్యాను అమ్మితే ఆ కారు టైరు కూడా రాదు తమ్ముడూ."

"అలా అనకండి. మీ వ్యాను ఎక్కి కూర్చుంటే ఏనుగు మీద ఉన్నట్టుంటుంది."

"ఏనుగు సంగతి తర్వాత, ముందు తాళాలు మార్చుకోండి" అంది అక్క.

టైర్ల షాపాయన్ని అడిగారు. ఆయన బండ్ల విషయంలో అన్నీ తెలిసిన మనిషని వీధి నమ్మకం. "డబ్బు చేతులు మారిందా? లేదు. మరి పన్ను దేని మీద వేస్తారు, గాలి మీదా? ఆఫీసుకెళ్ళి పేర్లు మార్పించుకుని టీ తాగి రండి" అన్నాడు.

మర్నాడు తాళాలు మార్చుకున్నారు. వ్యాను మేస్త్రి ఇంటి ముందుకీ, కారు పెద్దల్లుడి ఇంటి ముందుకీ చేరాయి. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బస్సెక్కి రవాణా ఆఫీసుకి వెళ్ళారు. గోడ పొడుగునా బెంచీలు, ఎవరెవరో ఆనించిన తలల నూనె మరకలు, తిరగని ఫ్యాను కింద తిరుగుతున్న జనం. కిటికీ వెనక గుమాస్తా మేడం. ఆవిడకి జలుబు. రుమాలు ముక్కుకీ, ముద్ర కాగితానికీ ఒకే వరసలో నడుస్తున్నాయి.

"ఒకరికొకరు మార్చుకుంటున్నారా? సరే. పెద్దాయనా, మీరు తీసుకునే కారు విలువ ఎంతని రాయమంటారు?"

పెద్దల్లుడు పక్కకి చూశాడు. పక్కనే తమ్ముడు. కారు తమ్ముడిది, అంతకు ముందు మామగారిది. ఇంట్లో రూలు ఉండనే ఉంది. గొంతు సవరించుకుని, ఆ కారు షోరూంలోంచి బయటికొచ్చిన రోజున ఎంత ఉండేదో ఇంచుమించు ఆ అంకె చెప్పాడు.

వెనక లైన్లో స్కూటర్ కాగితాలతో నిలబడ్డాయన దగ్గాడు. "పెద్దాయనా, సున్నా ఒకటి ఎక్కువ పడ్డట్టుంది."

"లేదండీ. మా మామగారి కారు. మా తమ్ముడు పువ్వులా చూసుకున్నాడు" అన్నాడు పెద్దల్లుడు, లైనంతా వినేట్టు.

మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. తన కారుని అంత మాట అన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. ఇప్పుడు తన వంతు. వ్యాను విలువ ఆ అంకె కంటే ఒక్క పిసరు తగ్గించినా అన్నయ్య మొహం ఎలా చూడాలి? ఇంకాస్త కలిపి చెప్పాడు.

"అంత లేదులే తమ్ముడూ" అని పెద్దల్లుడు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడి ఊరుకోవచ్చు కదా. "అమ్మా, నాది కూడా కొంచెం పెంచండి. కార్లో రేడియో ఉంది, మర్చిపోయాను."

"ఇది వేలంపాట కాదండీ" అంది మేడం. రుమాలు పక్కన పెట్టి ఇద్దరినీ మొదటిసారి సరిగ్గా చూసింది. "ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ తల్లి మీద ఒట్టేసి బండి ఎందుకూ పనికిరాదని చెబుతారు. మీరేమిటి ఇలా? ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఇందులో ఆలోచించేదేముందమ్మా. ఉన్న విలువే చెప్పాం."

"మా అన్నయ్య మాటకి తిరుగులేదండీ" అన్నాడు మేస్త్రి.

సంతకాలయ్యాయి. పాత పత్రాలు లోపలికి వెళ్ళి, అక్కడి మిషన్ కింద టక్కుమని చిల్లు పడ్డాయి. కాసేపటికి కిటికీ కిందనుంచి రెండు చీటీలు బయటికొచ్చాయి. పెద్దల్లుడు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తుడిచినా అంకె అదే.

"అమ్మా, ఇవి వేరేవాళ్ళవేమో చూడండి."

"మీవేనండీ. మీరు చెప్పిన విలువ మీద పన్ను, పేరు మార్చినందుకు రుసుము, కొత్త పత్రానికి రుసుము. ఎవరిది వాళ్ళు కట్టాలి."

"మేం డబ్బేమీ పుచ్చుకోలేదు కదమ్మా. బండికి బండి. చెల్లుకు చెల్లు."

"మీకూ మీకూ చెల్లు. మాకు రెండు అమ్మకాలు."

మేస్త్రి చీటీని కిటికీ కిందికే తిరిగి తోశాడు. "అయితే మా పాత కాగితాలు మాకిచ్చెయ్యండి. వెళ్ళిపోతాం."

"చిల్లు పడిపోయాయండీ. పన్ను కడితే గానీ కొత్తవి రావు. అవి వచ్చేదాకా రెండు బండ్లూ రోడ్డెక్కకూడదు."

"పోనీ, మళ్ళీ ఎవరిది వాళ్ళం తీసేసుకుంటే?"

"తీసుకోవచ్చు. ముందు ఈ రెంటికీ కట్టాలి. అప్పుడు అవి ఇంకో రెండు అమ్మకాలు."

వెనక స్కూటర్ ఆయన జాలిగా ముందుకు వంగాడు. "బాబూ, నా స్కూటర్‌కి కూడా కాస్త విలువ కట్టిపెట్టండి. మీ నోటితో చెబితే అమ్ముకుని ఇల్లు కట్టుకుంటాను."

తిరుగు బస్సులో తోడల్లుళ్ళు ఒకే సీట్లో కూర్చున్నారు. చివరికి పెద్దల్లుడు, "రేడియో మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు. అది పనిచేసి కూడా ఏళ్ళయిందని మేస్త్రి చెప్పలేదు. రూలు రూలే కదా.

ఇంట్లో మేస్త్రి భార్య చీటీ చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివింది. "అంత మర్యాద పోసి వచ్చారే. ఇన్నేళ్ళ నుంచీ వండి పెడుతున్నాను, నా వంటకి ఒక్కరోజైనా అంత విలువ కట్టారా?" అంది. తర్వాత పొయ్యి కట్టేసి, పీట మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాడు మేస్త్రి. కాదు.

అప్పు కోసం తిరిగాడు. ఇచ్చేవాళ్ళు కుదువ ఏం పెడతావన్నారు. వ్యాను అన్నాడు. పత్రం చూపించమన్నారు. పత్రం పన్ను కడితే వస్తుంది, పన్ను అప్పు దొరికితే కట్టొచ్చు, అప్పు పత్రం ఉంటే దొరుకుతుంది. మేస్త్రి ఆ గుండ్రంలో కొన్ని రోజులు తిరిగి, కళ్ళు తిరిగి, మళ్ళీ ఆఫీసు కిటికీ దగ్గర తేలాడు. మేడం జలుబు తగ్గింది. గొంతు కూడా మెత్తబడింది.

"విలువ తిరిగి చూడమని అర్జీ పెట్టుకోండి. ఇన్‌స్పెక్టర్ మీ ఇంటికే వస్తారు. కాకపోతే బండి తీసుకున్నాయన లోపాలు చెప్పాలి, ఇచ్చినాయన పక్కనే నిలబడి అవునని ఒప్పుకోవాలి. అంతా మాటల్లోనే. చెప్పగలరా?"

"చెప్పగలం" అన్నాడు మేస్త్రి. అన్నాక అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని ముందుగానే ఒప్పందం చేసుకున్నారు. రంగు వెలిసిందనొచ్చు. సీటు గుడ్డ పాతబడిందనొచ్చు. అద్దం మీద గీత ఉందనొచ్చు. అంతకు మించి వద్దు.

సెలవులకి ఇంకా రెండు రోజులున్నాయనగా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, అట్టకి కాగితం తగిలించుకుని, ఎండకి కళ్ళు చిట్లించుకుని ఉన్నాడు. ముందు మేస్త్రి ఇంటి ముందున్న వ్యాను. పెద్దల్లుడు మోకాళ్ళు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అక్కాచెల్లెళ్ళు గుమ్మంలో. సెలూన్ ఆయన కత్తెరతో సహా గోడ మీద.

"చెప్పండి, ఏమిటి లోపాలు?"

"రంగు వెలిసిందండీ."

"రంగుకి విలువ తగ్గదు."

"సీటు గుడ్డ..."

"గుడ్డకీ తగ్గదు. ఇంకేమైనా ఉందా, నేను వెళ్ళనా?"

మేస్త్రికి కళ్ళ ముందు షోరూం గుమ్మం కనిపించింది. యూనిఫాం కనిపించింది. తను తలుపు పట్టుకుని నిలబడి ఉంటే వీధివాళ్ళు లోపలికి వెళ్తూ "పాపం" అనడం వినిపించింది. నేల చూస్తూ అన్నాడు: "వెనక తలుపు గడియ లేదండీ. వైరుతో కట్టి ఉంది."

ఇన్‌స్పెక్టర్ పెద్దల్లుడి వైపు చూశాడు. పెద్దల్లుడు తలూపాడు.

"మూడో గేరు వేస్తే చేత్తో పట్టుకునే ఉండాలి. వదిలితే బయటికొచ్చేస్తుంది. డ్రైవరు కాళ్ళ దగ్గర చిల్లుంది. రోడ్డు కనిపిస్తుంది."

"అది గాలికని ఉంచాను" అన్నాడు పెద్దల్లుడు నెమ్మదిగా.

"బ్రేకు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒకసారి తొక్కితే వినదండీ. రెండోసారి బతిమాలుకోవాలి."

గోడ మీద సెలూన్ ఆయన పకపకా నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ కూడా నవ్వాడు. జనం నవ్వేసరికి మేస్త్రికి, ఎంత చెడ్డా మనిషే కదా, ఇంకాస్త ఊపొచ్చింది. "లోపల కూర్చుంటే పులిసిన పిండి వాసనండీ. నెల రోజులు తలుపులు తెరిచి పెట్టినా పోదు."

"ఆ వాసనతోనే నా పిల్లల్ని పెంచాను తమ్ముడూ" అన్నాడు పెద్దల్లుడు.

సెలూన్ ఆయన గోడ దిగాడు.

రెండు వీధుల అవతల, కారు దగ్గర, పెద్దల్లుడిని ఎవరూ అడగక్కర్లేకపోయింది. "రాసుకోండి సార్" అని మొదలుపెట్టాడు. పైకప్పు గుంట. తాళ్ళు కట్టీ కట్టీ తలుపులు పట్టు తప్పడం. ఎడమకి తిప్పితే దానంతటదే మోగే హారను. కుడికి తిప్పితే ఆగిపోయే దీపం. రేడియో ఉన్నచోట ఖాళీ డబ్బా. "అమ్మో, రేడియో గురించి నేనే గొప్పగా చెప్పాను సార్, బుద్ధి లేక." ఊపిరి తీసుకుని సీటు మీద అరచేత్తో చరిచాడు. దుమ్ము లేచింది. "ఇక ఈ సీటు. ఆయన పరుపుల్లాగే. గట్టి."

చెల్లెలు అరుగు మీద కూలబడింది. అక్క ఆమె పక్కన కూర్చుంది. మేస్త్రి పైకి మబ్బుల వైపు చూశాడు. ఆ రోజు మబ్బులు కూడా లేవు.

ఇన్‌స్పెక్టర్ అంతా కూడి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "విలువ బాగా పడిపోయిందండీ. పన్ను దాదాపు లేనట్టే. రుసుములు కడితే రేపే పత్రాలొచ్చేస్తాయి."

ఆ ఒక్క క్షణం, చూడండి, మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. తోడల్లుడి అలక తర్వాత తీర్చొచ్చు. ముందు హాస్టల్ గేటు. ముందు దూది.

"కాకపోతే" అన్నాడు ఇన్‌స్పెక్టర్, "ఆ బ్రేకులూ, ఆ చిల్లూ, ఆ తలుపులూ మీరే చెప్పి ఒప్పుకున్నాక వాటిని రోడ్డు మీదికి వదిలితే నా ఉద్యోగం ఉండదు. రెంటికీ తుక్కు పత్రాలిస్తారు."

"బాగు చేయించుకుంటేనో?"

"చేయించుకోండి, మళ్ళీ తనిఖీ చేస్తాం. బాగుపడ్డ బండికి విలువ పెరుగుతుంది. పెరిగినదానికి పన్ను ఉంటుంది మరి."

మర్నాడు మేస్త్రి తుక్కు పత్రం పట్టుకుని నడిచి హాస్టల్‌కి వెళ్ళాడు. వార్డెనమ్మ దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుని, "పేరు మీదే ఉంది మేస్త్రీ. తుక్కని కూడా ఉంది" అంది. "నా గేటు లోపలికి రానిస్తాను, కానీ ముందు అది గేటు దాకా రావాలి కదా?"

సెలవుల మొదటి రోజున లారీ వచ్చింది. చుట్టచుట్టిన స్పాంజి పరుపులు సంచుల్లో దొర్లుకుంటూ దిగాయి. మేస్త్రి వెళ్ళకుండా ఉండొచ్చు. ఆగలేక వెళ్ళాడు. ఆవరణలో పాత దూది పరుపులు కొండలా పోసి ఉన్నాయి. ఒకదాని అంచు విప్పి వేలు పెట్టి చూశాడు. మంచి దూది, పొడుగు పోగు. ఏకితే పాలనురగలా లేస్తుంది.

"వీటిని వదిలించుకోవాలి" అంది వార్డెనమ్మ వెనకనుంచి. ఆవిడ గొంతులో కూడా ఓడిపోయిన మనిషి ఉంది. "ఊరికే ఇచ్చేస్తాను. ఎన్ని మొయ్యగలిగితే అన్ని. ఈ సాయంత్రానికి ఖాళీ చెయ్యాలి. మీ దగ్గర బండి... లేదు కదూ?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి. ఇంటి ముందు వ్యాను ఉంది. దాని చక్రాల మధ్య అప్పుడే గడ్డి మొలిచింది. అయినా ఆ మాట అబద్ధం కాదు.

ఒక్క పరుపు నెత్తికెత్తుకుని బయల్దేరాడు. దారి పెద్దల్లుడి ఇంటి మీదుగానే. వేరే దారి ఉంది గానీ, నెత్తిన అంత బరువు పెట్టుకుని అలగడం కష్టం.

పెద్దల్లుడు కార్లో కూర్చుని ఉన్నాడు. కారు కదలదు, ఆయనా కదలడు. తలుపు తెరిచి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని వీధి చూస్తున్నాడు. తనిఖీ రోజు నుంచి మాటల్లేవు. మేస్త్రి దాటిపోబోతుంటే అన్నాడు: "దించు. మెడ విరుగుతుంది."

మేస్త్రి పరుపుని అలవాటుగా కారు నెత్తిన దించాడు. అది దాని గుంటలో అది సర్దుకుంది. అటు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. తలుపులోంచి ఎక్కడం కొత్తగా ఉంది.

"షోరూం ఆయన రమ్మన్నాడటగా."

"సోమవారం నుంచి."

"ఏముందిలే. తలుపు తియ్యడమే కదా."

"ముయ్యడం కూడా అన్నయ్యా."

పెద్దల్లుడు తలూపాడు. సీటు మీద ఒకసారి అటూ ఇటూ కదిలాడు. ఏదో అనబోయాడు. ఏమనాలో ఇద్దరికీ తెలుసు, ఏమంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఎక్కువ చేసినా తంటా, తక్కువ చేసినా తంటా. అందుకని ఏమీ అనకుండా స్టీరింగు ఎడమకి కాస్త తిప్పాడు. హారను మోగింది. లోపలి నుంచి అక్క, "ఎవరూ?" అని కేకేసింది.

"ఎవరూ లేరులే" అన్నాడు పెద్దల్లుడు.

మేస్త్రి దిగి పరుపు ఎత్తుకున్నాడు. పెద్దల్లుడు ఒక్కో కాలూ చేత్తో బయట పెట్టుకుని లేచి, వెనకకి వేలాడే అంచుని రెండు చేతులా పట్టుకుని వెంట నడిచాడు. వీధి మలుపు దాకా కూడా రాలేకపోయాడు. పక్కింటి అరుగు మీద కూర్చుండిపోయాడు. నెత్తిన బరువు ఒక్కసారిగా వెనక్కి వాలింది. అప్పుడు తెలిసింది మేస్త్రికి, అన్నయ్య వదిలేశాడని. తిరిగి చూడటానికి మెడ తిరగదు.

ఆయన వీధిలోకి వచ్చేసరికి ఎప్పటిలాగే ముందు పరుపే కనిపించింది. సెలూన్ ఆయన అలవాటు కొద్దీ కత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. నోరు కూడా తెరిచాడు. పరుపు కింద కారు లేదు, కిటికీ లేదు. రెండు కాళ్ళు మాత్రం నడిచొస్తున్నాయి. ఏం అడగాలో తోచక ఆయన లోపలికి పోయి, సగం గీసిన గడ్డాన్ని మాట్లాడకుండా పూర్తిచేశాడు.